ఓటరుకూ చట్టసభకూ నడుమ దూరం

ఎన్నికలు వచ్చినప్పుడు మన పలాస-కాశీబుగ్గ వీధులు ఎట్లా వుంటాయో వేరుగా చెప్పనక్కరలేదు. మైకు మోగని సందు వుండదు, జెండా కట్టని ఆటో వుండదు. ఉద్దానంలో కొబ్బరితోటల నడుమ దాగివున్న చిన్న పల్లెకు సైతం ఆ దినాలలో పెద్ద పెద్ద నాయకులు వస్తారు. వృద్ధులకు నమస్కరిస్తారు, పసిపిల్లలను ఎత్తుకుంటారు. పోలింగు ముగిసిన మరునాటికి ఆ సందడి యావత్తూ అణగిపోతుంది. తరువాత అయిదు సంవత్సరాల కాలంలో తన పేరు మీద ఢిల్లీలో ఏ చర్చ జరిగినదో, ఏ చట్టం ఏ విధంగా ఆమోదం పొందినదో ఆ పల్లెలోని ఓటరుకు తెలియదు. తెలియజేయవలసిన బాధ్యత తమదని భావించేవారూ అరుదు.

ఎన్నికల ప్రచారంలోని లోపాలు వేరు, పార్లమెంటు పని తీరులోని లోపాలు వేరు అని మనం సాధారణంగా అనుకుంటాము. మొదటి వాటికి ధనమూ, ద్వేషప్రసంగాలూ కారణమంటాము. రెండవ వాటికి గందరగోళమూ, వాయిదాలూ కారణమంటాము. నిదానించి చూస్తే ఈ రెండు తెగుళ్ళకూ వేరు ఒక్కటే అని తోస్తుంది. చట్టసభలోని స్థానం అభ్యర్థి సొత్తు కాదు, పార్టీ సొత్తు కాదు, అది ఓటరు సొత్తు. ఈ మాటను మరచిపోవడమే ఆ వేరు. ఏ సంస్కరణనైనా ఈ ఒక్క గీటురాయి మీద గీసి చూడవచ్చు: ఇది ఓటరుకూ చట్టసభకూ నడుమ వున్న దూరాన్ని తగ్గిస్తుందా, పెంచుతుందా?

టెక్కలి చెప్పే పాఠం

ఇందుకు ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. 1994లో జరిగిన రాష్ట్ర శాసనసభ ఎన్నికలలో ఎన్.టి. రామారావు గారు అనంతపురం జిల్లా హిందూపురం నుండీ, మన జిల్లాలోని టెక్కలి నుండీ పోటీ చేసి రెండింటా గెలుపొందారు. ఒకే వ్యక్తి రెండు స్థానాలను నిలుపుకొనడానికి చట్టం ఒప్పదు గనుక ఆయన హిందూపురాన్ని వుంచుకొని టెక్కలిని వదులుకున్నారు. మరుసటి సంవత్సరం టెక్కలిలో ఉప ఎన్నిక జరిపించవలసి వచ్చింది. అంతకు ముందు 1985లో ఆయన గుడివాడ, హిందూపురం, నల్లగొండ అనే మూడు స్థానాలలో గెలిచి రెండింటిని వదులుకున్నారు.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. ఇది ఏ ఒక్క నాయకుని అలవాటో, ఏ ఒక్క పార్టీ ఆచారమో కూడా కాదు. 2014లో నరేంద్ర మోదీ గారు వారణాసి, వడోదరలలో గెలిచి వడోదరను వదులుకున్నారు. 2024లో రాహుల్ గాంధీ గారు రాయబరేలీ, వయనాడులలో గెలిచి వయనాడును వదులుకున్నారు. అయినా ఒకసారి టెక్కలి ఓటరు స్థానంలో నిలబడి చూడండి. వరుసలో నిలిచి, వేలికి సిరా గుర్తు వేయించుకొని, కాబోయే ముఖ్యమంత్రినే తన ప్రతినిధిగా ఎన్నుకున్నానని ఆ ఓటరు సంతోషించి వుంటాడు. ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. తన ఓటు నాయకునికి ఒక ముందుజాగ్రత్త మాత్రమేనని అతనికి తేలిపోయింది. మళ్ళీ అదే బడిలో పోలింగు కేంద్రం, మళ్ళీ అదే సిబ్బంది, మళ్ళీ ప్రభుత్వ ఖజానా నుండి ఖర్చు.

1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఒకరు ఎన్ని చోట్ల పోటీ చేయవచ్చునో హద్దు పెట్టలేదు. 1996లో చేసిన సవరణ దానిని రెండు స్థానాలకు పరిమితం చేసింది. ఒక వ్యక్తికి ఒకే స్థానం వుండాలని 2004లో ఎన్నికల సంఘం సూచించింది. అది సాధ్యం కాని పక్షంలో, స్థానాన్ని వదులుకొన్నవారే ఉప ఎన్నిక ఖర్చు కింద శాసనసభ స్థానానికి 5 లక్షలు, లోక్‌సభ స్థానానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలన్నది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఒకే స్థానం అన్న సూచనను బలపరచింది. 2023 ఫిబ్రవరిలో ఈ విషయం సుప్రీంకోర్టు ఎదుటికి రాగా, నిర్ణయించవలసినది పార్లమెంటేనని కోర్టు పేర్కొన్నది. అనగా, ఈ వెసులుబాటును తొలగించవలసినవారు దానిని వాడుకొనేవారే! సంస్కరణలు ఆలస్యం కావడంలోని మర్మం ఇక్కడ వున్నది.

మన జిల్లా చరిత్రలో దీనికి మరొక ముఖం కూడా కనిపిస్తుంది. 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికి ఎన్నికైన సర్దార్ గౌతు లచ్చన్న గారు తమ రాజకీయ గురువు ఆచార్య ఎన్.జి. రంగా గారి కోసం ఆ స్థానాన్ని త్యాగం చేశారు. రంగా గారు ఉప ఎన్నికలో గెలిచి మన జిల్లా ప్రతినిధిగా లోక్‌సభలో కూర్చున్నారు. లచ్చన్న గారి త్యాగం ఉదాత్తమైనది, రంగా గారి వంటి పార్లమెంటు సభ్యుడు ఏ నియోజకవర్గానికైనా గౌరవమే. కాని మహనీయుల విషయంలో మేలు చేసిన ఆచారం అందరి విషయంలోనూ మేలు చేస్తుందని చెప్పలేము. చట్టాలను మహనీయులను దృష్టిలో వుంచుకొని కాదు, సామాన్యులను దృష్టిలో వుంచుకొని రచించుకోవలసి వుంటుంది.

ప్రచారమూ ధనమూ

మొదటి సార్వత్రిక ఎన్నికలలో పెద్ద రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 25,000 రూపాయలు. 2022 జనవరిలో ఈ పరిమితిని 95 లక్షలకూ, శాసనసభ అభ్యర్థికి 40 లక్షలకూ పెంచారు. ధరలు పెరిగినప్పుడు పరిమితి పెరగడం సహజమే. అసలు లోపం అంకెలో లేదు. పరిమితి అభ్యర్థికి మాత్రమే వున్నది, పార్టీకి లేదు. ఒక కుండకు మూత పెట్టి పక్క కుండను తెరచి వుంచినట్లున్నది ఈ ఏర్పాటు.

ఈ స్థితి యాదృచ్ఛికంగా వచ్చినది కాదు. అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే చేర్చాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు అమలుకు రాకముందే అదే సంవత్సరం చట్టాన్ని సవరించి, పార్టీ ఖర్చును లెక్క నుండి మినహాయించారు. తరువాతి కాలంలో ఆ మినహాయింపును కొంత కుదించినా, పార్టీ మొత్తం ఖర్చుకు హద్దు మాత్రం ఏర్పడలేదు.

ఇక విరాళాల సంగతి. ఎన్నికల బాండ్లకు దారి తీసిన సవరణలను 2017లో ఆర్థిక బిల్లులో భాగంగా తెచ్చారు. దానిని ద్రవ్య బిల్లుగా పరిగణించినందువలన రాజ్యసభ సూచనలు చేయగలిగినదే తప్ప, మార్చగలిగే అధికారం దానికి లేకపోయింది. 2018లో బాండ్ల పథకం అమలులోకి వచ్చింది. ఏ పార్టీకి ఎవరు ఎంత ఇచ్చారో తెలుసుకొనే హక్కు ఓటరుకు వున్నదంటూ 2024 ఫిబ్రవరి 15న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టివేసింది. ఈ ఉదంతంలో గమనింపదగిన అంశం ఒకటి వున్నది. ప్రచారానికి ధనం చేరే మార్గాన్ని మార్చినది, పార్లమెంటులో సరియైన చర్చకు అవకాశమివ్వని పద్ధతి. రెండు తెగుళ్ళకూ వేరు ఒక్కటే అనడానికి ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం వుండదు.

కావున పార్టీ ఖర్చుకు కూడా హద్దు పెట్టడం, విరాళాల వివరాలను ఎన్నికలకు ముందే ప్రకటించడం మొదట జరగవలసిన పనులు. ఎన్నికలకు ప్రభుత్వ సహాయం నగదు రూపంలో కాక వస్తు రూపంలో వుండవచ్చునని 1998లో ఇంద్రజిత్ గుప్తా సంఘం సూచించింది. పేద అభ్యర్థికి ఇది ఊతమే. అయితే హద్దు లేని ఖర్చు పక్కన ప్రభుత్వ సహాయం చేర్చితే, పేదవానికి గోచీ ఇచ్చి ధనవంతునికి మరొక శాలువా కప్పినట్లే అవుతుంది. ముందు హద్దు, పిమ్మట సహాయం. వరుస మారరాదు.

ఓటరును గుంపుగా చూడడం

ధనం తరువాత ప్రచారాన్ని చెరిచేది మత, కుల విజ్ఞప్తి. మా వంటి అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలో ఈ మాట మరింత సూటిగా చెప్పుకోవలసి వున్నది. రాజ్యాంగ నిర్మాణ సభలో ఏకైక ముస్లిం మహిళా సభ్యురాలు బేగం ఐజాజ్ రసూల్ మతాన్ని బట్టి చట్టసభలలో స్థానాలు కేటాయించడాన్ని అంగీకరించలేదు. అల్పసంఖ్యాకులు విడిగా నిలబడితే విడిగానే మిగిలిపోతారని ఆమె భావన. ఆ విశ్వాసానికి ప్రతిఫలంగా దేశం ఇవ్వవలసినది, ప్రతి అభ్యర్థీ ప్రతి ఇంటి తలుపూ తట్టే ప్రచారం.

వాస్తవంలో జరుగుతున్నది వేరు. ఒకరు మమ్మల్ని ఓట్ల మూటగా లెక్కిస్తారు, మరొకరు మా వీధికి రావడమే మానుకుంటారు. రెండూ అవమానాలే. మూటకు సమస్యలు వుండవు, మనిషికే వుంటాయి. 2017 జనవరి 2న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 ఆధిక్యంతో, అభ్యర్థి మతం, కులం, భాషలే కాక ఓటరు మతం, కులం, భాషల పేరిట ఓట్లు అడగడం కూడా అవినీతి చర్యేనని తీర్పు ఇచ్చింది. తీర్పు మంచిదే. కాని ఎన్నిక ముగిసి గెలిచినవారు సభలో కూర్చున్న తరువాత, ఎన్నికల పిటిషను ద్వారా మాత్రమే దీనికి పరిష్కారం దొరుకుతుంది. ఇటువంటి పిటిషన్లను ఆరు నెలలలోగా ముగించడానికి ప్రయత్నించాలని చట్టమే చెబుతున్నా, అట్లా ముగిసేవి తక్కువ. హైకోర్టులలో వీటికి ప్రత్యేక ధర్మాసనాలు వుంటే తప్ప ఈ నిషేధానికి కోరలు మొలవవు.

జీడిపిక్క పార్లమెంటుకు వెళ్ళినప్పుడు

ఇప్పుడు పార్లమెంటు సంగతి. పలాస పేరు చెప్పగానే దేశానికి గుర్తు వచ్చేది జీడిపప్పు. ఉద్దానం రైతు తోటలోని జీడిపిక్కలను 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతాడు. పలాస పరిశ్రమదారు వాటిని కొంటాడు, చాలనప్పుడు ఆఫ్రికా దేశాల పిక్కలను తెప్పించుకుంటాడు. ఆ పిక్కలను పగులగొట్టి, పప్పు పై పొర వొలిచి, రకాలుగా ఏరే పనిలో మన ఆడపడుచులు ఎందరో బ్రతుకుతున్నారు. దిగుమతి పిక్కల మీద సుంకం తగ్గితే పరిశ్రమకు ఊపిరి, కూలీకి పని. అదే సమయంలో రైతు బస్తాకు వచ్చే ధర పడిపోతుందని భయం. ఈ ముగ్గురి మేలునూ త్రాసులో వేసి తూచవలసిన చోటు పార్లమెంటు.

2018-19 కేంద్ర బడ్జెటులో ముడి జీడిపిక్కల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుండి 2.5 శాతానికి తగ్గించారు. ఆ బడ్జెటు లోక్‌సభలో ఎట్లా ఆమోదం పొందినది? 2018 మార్చి 14న, సభ గందరగోళంగా వుండగా, మంత్రిత్వ శాఖల పద్దులన్నింటినీ ఒక్కపెట్టున ఓటింగుకు పెట్టారు. దీనినే పార్లమెంటు పరిభాషలో గిలటిన్ అంటారు. ఆర్థిక బిల్లు సైతం చర్చ లేకుండానే ఆమోదం పొందింది. ఆనాటి గందరగోళానికి గల కారణాలలో మన రాష్ట్రానికి ప్రత్యేక హోదా కోరుతూ మన సభ్యులు చేసిన ఆందోళన కూడా ఒకటి. కోరికలో న్యాయం వున్నదనుకొన్నా, దానిని చర్చకు తెచ్చే మార్గం సభలో లేకపోవడం వలన, మన జీడిపిక్క సంగతి కూడా చర్చకు రాకుండానే తేలిపోయింది. సుంకం తగ్గింపు మంచిదా, చెడ్డదా అన్నది నా ప్రశ్న కాదు. రైతు పక్షాన ఒక మాట, పరిశ్రమ పక్షాన ఒక మాట, కూలీ పక్షాన ఒక మాట సభలో వినబడలేదన్నదే నా బాధ. అదే సంవత్సరం అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ జీడితోటలనూ, కొబ్బరితోటలనూ నేలకూల్చింది.

ఇది ఒక్క ఏటి ముచ్చట కాదు. 2023 మార్చిలో సుమారు 45 లక్షల కోట్ల రూపాయల బడ్జెటు పద్దులు లోక్‌సభలో చర్చ లేకుండానే ఆమోదం పొందాయి. మన రాష్ట్ర విభజన బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించినప్పుడు ప్రత్యక్ష ప్రసారమే నిలిచిపోయింది. విభజనను కోరినవారూ, వద్దన్నవారూ కూడా తమ భవితవ్యం తేలుతున్న ఘడియను కళ్ళారా చూడలేకపోయారు.

అంకెలు కూడా ఇదే చెబుతాయి. మొదటి లోక్‌సభ 677 రోజులు సమావేశమయింది, సగటున ఏటికి 135 రోజులు. 2019-24 నాటి 17వ లోక్‌సభ 274 రోజులే సమావేశమయింది, ఏటికి సుమారు 55 రోజులు. 15వ లోక్‌సభలో నూటికి 71 బిల్లులు పరిశీలనకై సంఘాలకు వెళ్ళగా, 17వ లోక్‌సభలో ఆ సంఖ్య 16కు పడిపోయింది. ఆ సభ పూర్తి కాలం డిప్యూటీ స్పీకరు లేకుండానే గడిపింది.

ఏమి చేయవచ్చు?

మొదటిది, సమావేశాల దినాలు. లోక్‌సభ ఏటికి కనీసం 120 రోజులు, రాజ్యసభ 100 రోజులు సమావేశం కావాలని 2002లో రాజ్యాంగ సమీక్షా సంఘం సూచించింది. దీనికి శాసనబలం కల్పించాలి.

రెండవది, ప్రతిపక్షానికి కేటాయించిన దినాలు. బ్రిటిషు కామన్స్ సభలో ఒక సమావేశ కాలంలో 20 రోజుల పాటు చర్చించవలసిన విషయాన్ని ప్రతిపక్షాలే నిర్ణయిస్తాయి. అటువంటి ఏర్పాటు మనకూ వుంటే ప్రత్యేక హోదా వంటి కోరికలకు సభ మధ్యలోకి దూకవలసిన అవసరం వుండదు. మాట్లాడే వంతు వస్తుందని తెలిసినవాడు కేకలు వేయడు.

మూడవది, బిల్లులను తప్పనిసరిగా సంఘాలకు పంపడం. 1993లో ఏర్పడిన శాఖాపరమైన స్థాయీ సంఘాలు పార్టీ జెండాలకు దూరంగా, నిపుణులను పిలిపించి పని చేయగలవు. మన ఉద్దానం మూత్రపిండాల వ్యాధినే తీసుకోండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది, వంశధార జలాలతో మంచినీటి పథకమూ వచ్చింది. కాని వ్యాధి మూలకారణం మీద పరిశోధకులు ఇంకా ఏకాభిప్రాయానికి రాలేదు. ఇటువంటి చిక్కు సమస్య ఎన్నికల సభలో చప్పట్లతో తేలదు. ఏళ్ళ తరబడి ప్రశ్నలు వేస్తూ, లెక్కలు అడుగుతూ వెంటబడే సంఘం ముందే తేలగలదు.

నాలుగవది, విప్. 1985 నాటి 52వ రాజ్యాంగ సవరణ వలన పార్టీ ఆజ్ఞను ధిక్కరించి ఓటు వేసిన సభ్యుడు స్థానం కోల్పోవచ్చు. విప్‌ను విశ్వాస తీర్మానం, ద్రవ్య బిల్లుల వంటి కొద్ది విషయాలకే పరిమితం చేయాలని 1990లో దినేశ్ గోస్వామి సంఘం చెప్పింది. దీనికి ఆక్షేపణ లేకపోలేదు. 1984 ఆగస్టులో మన రాష్ట్రంలో ఎన్నికైన ప్రభుత్వం కూలి, నెల రోజుల తరువాత తిరిగి నిలబడిన చరిత్రను తెలుగువారు మరువలేరు. ఫిరాయింపుల నిషేధాన్ని పూర్తిగా ఎత్తివేయరాదు. కాని ప్రభుత్వాన్ని కాపాడే ఓటుకూ, ఒక సాధారణ బిల్లు మీద మనస్సాక్షిని అనుసరించే ఓటుకూ భేదం వుండాలి. లేకున్న ఉద్దానం సభ్యుడు ఉద్దానం మాట చెప్పలేడు, పార్టీ మాటే చెబుతాడు.

అయిదవది, స్పీకరు. 1967లో లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైన మన నీలం సంజీవరెడ్డి గారు ఆ వెంటనే తమ పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఒక తెలుగువాడు వేసిన ఆ బాటను నియమంగా మార్చుకోవడం మనకు గర్వకారణం కాగలదు.

మన వంతు

చట్టం మారేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. లోక్‌సభలో సభ్యులు వేసిన ప్రశ్నలు, మంత్రుల సమాధానాలు, హాజరు వివరాలు నేడు ఎవరైనా చూడవచ్చు. 2025 ఫిబ్రవరిలో లోక్‌సభ తన అనువాద సౌకర్యాన్ని ఉర్దూతో సహా మరి ఆరు భాషలకు విస్తరించింది, తెలుగు అంతకు ముందే వున్నది. మన కళాశాలలో ఈ రెండు భాషలూ ఒకే బల్ల మీద కూర్చుంటాయి. కాబట్టి కళాశాల సంఘం వారికి ఒక మనవి. గ్రంథాలయం వద్ద ఒక బల్ల వుంచి, ప్రతి సమావేశం తరువాత మన జిల్లా సభ్యుడు ఏమి అడిగారో, ఏ సమాధానం వచ్చినదో విద్యార్థుల చేత తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించండి. ఏటా ఒకసారి విద్యార్థి పార్లమెంటు జరిపించి, జీడిపిక్కల సుంకం మీద రైతు పక్షం, పరిశ్రమ పక్షం, కూలీ పక్షం వాదింపజేయండి. ఢిల్లీలో జరగని చర్చ పలాసలోనైనా జరుగుతుంది.

విద్యార్థి మిత్రులారా! రేపు మైకు మీ సందులోకి వచ్చినప్పుడు అభ్యర్థిని మూడు ప్రశ్నలు అడగండి. మీరు మరెక్కడైనా పోటీ చేస్తున్నారా? మీ ప్రచారానికి ధనం ఎవరిచ్చారు? గెలిచిన తరువాత మా మాట సభలో ఎన్ని రోజులు వినిపిస్తారు? సమాధానం రాకపోవచ్చు. అయినా అడగడం మానకండి. ప్రశ్న వేసిన ఓటరును వదులుకొని పోవడం ఏ నాయకునికైనా అంత సులభం కాదు.